సర్వరు గుమ్మంలో క్యూ: నలభై ఏళ్ళ కథ



ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను కోటల గురించో రాజుల గురించో రాస్తానని అనుకొని ఉంటారు. నేను ఎన్నుకున్న విషయం వేరు. దానికి కారణం కిందటేడు ఆఖరు తేదీనాడు జరిగిన ఒక సంగతి. ఏటేటా ఇవ్వవలసిన ధ్రువీకరణ కోసం నేనూ, ఎనభై దాటిన ఒక మిత్రుడూ కలిసి నెట్ సెంటరుకు వెళ్ళాం. వెబ్‌సైటు తెరుచుకోలేదు. తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది. ఔననదు, కాదనదు. మూడు గంటలు కూర్చొని ఇంటిముఖం పట్టాం. ఆయనకు రెండు నెలల పెన్షను ఆగిపోయింది. మందుల షాపులో అరువు పెట్టవలసి వచ్చింది.

మరుసటి సమావేశంలో దీని మీద పెద్ద వాదనే జరిగింది. "సర్వరు చిన్నది, పెద్దది కొంటే సరిపోతుంది" అన్నారు ఒకరు. "అందరూ ఆఖరు రోజునే ఎగబడితే ఏ సర్వరు మాత్రం ఏం చేస్తుంది?" అన్నారు మరొకరు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కాని లోపల అసలేం జరుగుతుందో తెలుసుకోవాలనిపించింది. మా అల్లుడు సర్వర్లు చూసే ఉద్యోగంలో ఉన్నాడు. ఆయన్ను విసిగించి అడిగాను, ఆయన చూపించిన పుస్తకాలు చదివాను. తేలిందేమిటంటే, ఇది 1980లనాటి నుంచి నడుస్తున్న తగువే. యంత్రం ఎంత పెద్దదైనా, లోపల ఒక మూల ఎప్పుడో ఎవరో వేసిన అంకె చిన్నదైతే జనం గుమ్మంలోనే ఆగిపోతారు. అలాగని ఆ అంకెను ఊరికే పెంచినా పని జరగదు. ఆ అంకెల చరిత్రనే నాకు అర్థమైనంతలో మనవి చేస్తాను.

ఇన్‌వర్డు సెక్షన్

కంప్యూటరులో అన్నిటికీ కింద ఉండి, మెమరీని, డిస్కును, తీగ మీద వచ్చేపోయే సమాచారాన్ని అదుపులో ఉంచే ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. వెబ్ సర్వరు అనే ప్రోగ్రాము దాని పైన కూర్చొని పనిచేస్తుంది. బయటినుంచి వచ్చే ప్రతి పిలుపునూ మొదట అందుకొనేది కెర్నెలే. మన ఆఫీసుల్లో అర్జీ నేరుగా ఆఫీసరు బల్ల మీదికి పోదు కదా, ముందు ఇన్‌వర్డు గుమాస్తా తీసుకొని, నెంబరు వేసి, సెక్షనుకు పంపాలి. ఇక్కడా అంతే.

అలా అందుకున్న సమాచారాన్ని వెబ్ సర్వరు తీసుకొనేదాకా ఎక్కడో ఉంచాలి. పంపవలసిన జవాబును అవతలివారికి చేరిందని రూఢి అయ్యేదాకా ఉంచాలి. ఇలా తాత్కాలికంగా దాచే చోటును బఫర్ అంటారు. వచ్చిన ప్రతి మనిషికీ రెండు బఫర్లు కావాలి: రాకకు ఒకటి, పోకకు ఒకటి. ఈ చోటంతా కెర్నెల్ తనకోసం విడిగా పెట్టుకొన్న మెమరీలోంచి రావాలి. మొత్తం మెమరీ ఎంత ఉన్నా, ఈ పద్దుకు కేటాయించింది అయిపోతే అయిపోయినట్టే. బడ్జెట్‌లో ఒక హెడ్డు కింద డబ్బు మిగిలి, మరో హెడ్డు కింద పైసా లేక బిల్లులు ఆగిపోవడం మనం ఎన్నిసార్లు చూడలేదు?

బర్క్‌లీలో మొదలు

అమెరికాలో ఆర్పానెట్ అనే పరిశోధనా నెట్‌వర్కు 1983 జనవరి 1న టిసిపి/ఐపి పద్ధతికి మారింది. ఈనాటి ఇంటర్నెట్‌కు అదే పునాది. అదే సంవత్సరం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాఖవారు 4.2 బిఎస్‌డి అనే యూనిక్స్ వ్యవస్థను విడుదల చేశారు. టిసిపి/ఐపిని విశ్వవిద్యాలయాలకు విస్తారంగా చేర్చింది అదే. నెట్‌వర్కు సమాచారం దాచడానికి వారు మెమరీని చిన్న చిన్న అరలుగా చేశారు. ఒక్కో అర 128 బైట్లు. దానికి ఎంబఫ్ అని పేరు. పెద్ద సమాచారానికి క్లస్టరు అనే పెద్ద అర, మొదట 1,024 బైట్లు, తర్వాతి రోజుల్లో 2,048. అప్పటి యంత్రాల్లో మెమరీ కొద్ది మెగాబైట్లే కాబట్టి, ఇది ఎంతో పొదుపైన ఏర్పాటు.

ఇంకొక అంకె కూడా అప్పుడే వేశారు. సర్వరు ప్రోగ్రాము ఇంకా పలకరించని వాళ్ళు గుమ్మంలో ఎంతమంది వేచి ఉండవచ్చు? దానికి పై హద్దు 5. ఆ రోజుల్లో ఒక యంత్రాన్ని వాడేవాళ్ళు కొద్దిమంది. ఒకసారి లోపలికి వచ్చినవాడు గంటలకొద్దీ పనిచేసుకొని పోయేవాడు. అయిదు కుర్చీలు ధారాళంగా సరిపోయేవి. ఆ అంకె వేసినవారిని తప్పు పట్టవలసిన పనేమీ లేదు. పరిస్థితి మారాక కూడా దాన్ని తిరిగి చూడకపోవడం దగ్గర వచ్చింది చిక్కు.

బీరువాలో పెట్టిన అర్జీలు

చోటు చాలకపోతే పెంచితే సరి అని ఎవరికైనా తోస్తుంది. అది పొరపాటని చాలా ముందే చెప్పినవాడు జాన్ నేగల్. ఫోర్డ్ ఏరోస్పేస్ సంస్థలో పనిచేస్తూ, నెట్‌వర్కు రద్దీతో కుప్పకూలిపోయే ప్రమాదముందని 1984 జనవరిలో రాశాడు. 1985 డిసెంబరులో ఇంకో మెట్టు ముందుకు వెళ్ళి, దారిలోని యంత్రాలకు అంతులేని మెమరీ ఇచ్చినా నెట్‌వర్కు స్తంభించిపోగలదని చూపించాడు. ప్రతి ప్యాకెట్టుకూ ఒక ఆయుర్దాయం ఉంటుంది. క్యూ పెరిగి పెరిగి, తన వంతు వచ్చేసరికి ఆ ఆయువు తీరిపోతుంది. యంత్రం తెరిపి లేకుండా పనిచేస్తూనే ఉంటుంది గాని, అది తీసి చూసేవన్నీ గడువు దాటినవే.

ఇది చదివినప్పుడు నాకు ఉద్యోగంలో చేరిన కొత్త రోజులు గుర్తుకొచ్చాయి. నేను ఇన్‌వర్డులో ఉండగా ఒక పథకానికి దరఖాస్తుల గడువు ముగిసే వారం వచ్చింది. జనాన్ని తిప్పి పంపడానికి మనసొప్పక, నెంబరు వేయకుండానే అన్నీ తీసుకొని బీరువాలో పెట్టాను. బీరువా నిండితే రెండో బీరువా తెరిపించాను. అందరూ నన్ను మంచివాడన్నారు. తీరా వాటిని తీసి నెంబర్లు వేసేసరికి మంజూరు గడువు దాటిపోయింది. మొదటిరోజే "ఇక్కడ చోటు లేదు, ఫలానా ఆఫీసులో ఇవ్వండి" అని ఉంటే, వాళ్ళలో కొందరికైనా పని జరిగేది. ఆ తప్పు నాదే. ఆ రెండో బీరువా ఇప్పటికీ నా కళ్ళ ముందు మెదులుతుంది.

నేగల్ హెచ్చరిక ఏడాది తిరగకుండానే నిజమైంది. 1986 అక్టోబరులో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, నాలుగు వందల గజాల దూరంలో ఉన్న బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య సమాచార వేగం సెకనుకు 32,000 బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. జవాబు రాకపోయేసరికి ప్రతి యంత్రమూ అదే సమాచారాన్ని మళ్ళీ మళ్ళీ పంపి, ఉన్న రద్దీని రెట్టింపు చేసింది. ప్రయోగశాలలోని వాన్ జాకబ్సన్, విశ్వవిద్యాలయంలోని మైకేల్ కారెల్స్ దీనికి విరుగుడు కనిపెట్టారు. పంపేవాడు మొదట కొద్దిగా పంపి, జవాబు వచ్చేకొద్దీ పెంచాలి, ఏదైనా తప్పిపోతే వెంటనే తగ్గించుకోవాలి. 1988లో ఈ పద్ధతి బర్క్‌లీ యూనిక్స్‌లోకి వచ్చింది. అదే సంవత్సరం మన దేశం నుంచి వెళ్ళి డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తున్న రాజ్ జైన్, కె.కె. రామకృష్ణన్‌లు మరో ఉపాయం చెప్పారు. క్యూ పెరుగుతున్నదని దారిలోని యంత్రమే ప్యాకెట్టు మీద ఒక్క బిట్టు గుర్తు పెట్టి ముందుగా చెప్పాలన్నారు. ఆ ఆలోచనే 2001లో ఇంటర్నెట్ ప్రమాణంగా రూపుదిద్దుకొంది.

వెబ్ వచ్చిన తర్వాత

జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ 1990 చివర మొదటి వెబ్ సర్వరు నడిపాడు. వెబ్ పద్ధతి పాతదానికి పూర్తిగా భిన్నం. మనిషి వస్తాడు, ఒక కాగితం అడుగుతాడు, పుచ్చుకొని వెళ్ళిపోతాడు. మొదటి రోజుల్లో పేజీలోని ఒక్కొక్క బొమ్మకూ విడిగా వచ్చి అడగవలసిందే. 1994లో వచ్చిన నెట్‌స్కేప్ బ్రౌజరు వేగం కోసం ఒకేసారి నాలుగు కనెక్షన్లు తెరిచేది. అంటే ఒక మనిషి నాలుగు కిటికీల దగ్గర తానే నిలబడినట్టు.

పైగా కనెక్షను ముగిసినా దాని పద్దు వెంటనే కొట్టివేయరు. దారి తప్పి ఆలస్యంగా వచ్చే పాత ప్యాకెట్టు కొత్తవాడి లెక్కలో పడకుండా కొంతకాలం ఉంచుతారు. 1981 నాటి ప్రమాణం ప్రకారం ఆ కాలం నాలుగు నిమిషాలు. బర్క్‌లీ వ్యవస్థల్లో సాధారణంగా ఒక నిమిషం. సెకనుకు వంద మంది వచ్చిపోయే చోట నిమిషానికి ఆరువేల మూసిన ఖాతాలు రిజిస్టరులో కూర్చుంటాయన్నమాట. గుమ్మంలో చూస్తే అయిదే కుర్చీలు. 1990ల నడిమికి రద్దీ సర్వర్ల వాళ్ళు కెర్నెల్‌లోని అంకెలు దిద్దుకోవడం మొదలుపెట్టక తప్పలేదు. క్రమేణా ఆ అయిదు చాలా వ్యవస్థల్లో 128 అయింది.

1996 సెప్టెంబరులో న్యూయార్కులోని పానిక్స్ అనే ఇంటర్నెట్ సంస్థ మీద జరిగిన దాడి ఈ బలహీనతను లోకానికి చూపింది. ఎవరో దొంగ చిరునామాలతో "లోపలికి రావచ్చా?" అని ఎడతెరిపి లేకుండా అడుగుతూ పోయారు. సర్వరు ప్రతి ఒక్కరికీ ఒక కుర్చీ వేసి, వాళ్ళ రెండో మాట కోసం నిమిషానికి పైగా ఎదురుచూసేది. ఆ రెండో మాట ఎన్నటికీ రాదు. నిజంగా పని ఉన్నవాళ్ళకు కుర్చీ దొరకదు. దీనికి డేనియల్ బెర్న్‌స్టైన్ చెప్పిన ఉపాయం ముచ్చటైనది. వచ్చినవాడి పేరు రిజిస్టరులో రాయవద్దు, వివరాలను గుప్తంగా ఇమిడ్చిన ఒక నెంబరు చీటీ అతని చేతికే ఇవ్వాలి. నిజమైనవాడైతే ఆ నెంబరుతో తిరిగి వస్తాడు, అప్పుడు లోపలికి పిలవవచ్చు. దొంగవాడి కోసం ఒక్క బైటు మెమరీ కూడా ఖర్చు కాదు.

తలసరి లెక్క

గుమ్మం సంగతి అలా ఉంచి లోపలి అరల సంగతి చూద్దాం. బర్క్‌లీ వంశానికి చెందిన ఫ్రీబిఎస్‌డి 1990లలో పెద్ద పెద్ద సర్వర్లకు పేరుపొందింది. క్లస్టరు అరలన్నీ అయిపోతే దాని తెరమీద ఆ మేరకు ఒక హెచ్చరిక పడేది. సర్వరులో మెమరీ ఖాళీగానే ఉన్నా కొత్త సమాచారం కదలదు. ఆ రోజుల్లో అంకె మార్చాలంటే కెర్నెల్‌నే మళ్ళీ తయారుచేసి, యంత్రాన్ని ఆపి, తిరిగి నడపాలి.

లెక్క మాత్రం మన గుమాస్తా లెక్కే. ఒకేసారి వెయ్యిమంది వస్తారనుకోండి. ఒక్కొక్కరికి రాకకు 16 కిలోబైట్లు, పోకకు 16. వెరసి 32 మెగాబైట్లు. జాగ్రత్త కోసం రెట్టింపు చేస్తే 64. ఒక్కో అర 2 కిలోబైట్లు కాబట్టి 32,768 అరలు కావాలి. అంతకు మించి అడ్డూ ఆపూ లేకుండా పెంచితే, 32 బిట్ల యంత్రాల్లో కెర్నెల్‌కు ఉన్న పరిధి చాలక యంత్రం లేవకుండానే పడిపోయే ప్రమాదం కూడా ఉంది. తక్కువైతే జనం ఆగుతారు, ఎక్కువైతే ఆఫీసే కూలుతుంది.

1999లో డాన్ కెగెల్ అనే ప్రోగ్రామరు, ఒక సర్వరు పదివేల మందికి ఒకేసారి ఎందుకు జవాబివ్వకూడదని ప్రశ్నించి ఒక వ్యాసం రాశాడు. అందులో అతను చూపిన లెక్క ఇది: రెండు గిగాబైట్ల మెమరీ ఉన్న యంత్రాన్ని ఇరవైవేల మందికి పంచినా తలకు వంద కిలోబైట్లు వస్తుంది, అడిగిన కాగితం తీసి ఇవ్వడానికి అది చాలదా? ఆ సంవత్సరమే ఫ్రీబిఎస్‌డి మీద నడిచే సిడిరామ్.కామ్ ఫైళ్ళ సర్వరు నిజంగానే పదివేల మందిని ఒకేసారి సంబాళించింది. యంత్రశక్తి అప్పటికే ఉంది. కావలసింది ఆ శక్తిని పంచే తీరు.

ఇంకో చిక్కు దూరం. పొరుగూరివాడికి చిన్న బఫరు చాలు. అమెరికాలో ఉన్న పిల్లలకు హైదరాబాదు నుంచి ఏదైనా పంపితే, "అందింది" అనే మాట తిరిగి రావడానికి పావు సెకను పడుతుందనుకొందాం. పాత టిసిపిలో ఆ మాట వచ్చేలోగా పంపగలిగింది 64 కిలోబైట్లే. ఆ లెక్కన తీగ ఎంత లావుదైనా సెకనుకు రెండు మెగాబిట్లకు మించదు. 1992లో వచ్చిన సవరణ ఈ హద్దును ఎత్తివేసింది. అలాగని అందరికీ పెద్ద బఫర్లు ఇస్తే మెమరీ చాలదు. ఎవరికి ఎంత కావాలో కెర్నెలే చూసి ఇచ్చే పద్ధతిని పిట్స్‌బర్గ్ సూపర్ కంప్యూటింగ్ సెంటరువారు 1998లో ప్రతిపాదించారు. లినక్స్‌లో 2001లో పంపే వైపు, 2004లో అందుకొనే వైపు ఇది అమలులోకి వచ్చింది. దీంతో చేత్తో దిద్దే పని చాలావరకు తగ్గింది.

మళ్ళీ అదే బీరువా

కథ ఇక్కడితో సుఖాంతం కావలసింది. కాని మెమరీ చవకయ్యేసరికి తయారీదార్లు దారిలోని ప్రతి పరికరంలోనూ పెద్ద పెద్ద బఫర్లు పెట్టేశారు. 2010లో జిమ్ గెటిస్ అనే ఇంజనీరు తన ఇంట్లో పెద్ద ఫైళ్ళు పంపుతుండగా మిగతా పనులన్నీ నత్తనడక నడవడం గమనించి, కారణం వెతికాడు. బఫర్లు నిండి ప్యాకెట్లు సెకన్ల తరబడి క్యూలో నిలబడుతున్నాయి. ఏదీ తప్పిపోవడం లేదు కాబట్టి పంపేవాడు తగ్గించుకోవడమూ లేదు. దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టారు, అంటే బఫరు ఉబ్బరం. 2012లో కాథ్లీన్ నికొల్స్, వాన్ జాకబ్సన్‌లు దీనికి మందు చెప్పారు. క్యూ ఎంత పొడవుందని కాదు, అందులో ఒక్కొక్కటి ఎంతసేపు నిలబడిందని చూడాలి, ఎక్కువసేపు నిలబడుతుంటే కొన్నిటిని వదిలేసి పంపేవాడికి సంగతి తెలియజేయాలి. నేగల్ చెప్పిన పాతికేళ్ళకు మళ్ళీ అదే పాఠం.

గుమ్మంలోని 128 సంగతి చెప్పలేదు కదూ. లినక్స్‌లో ఆ హద్దు, కావాలంటే మార్చుకొనే వీలున్నా, మామూలుగా 128 గానే ఏళ్ళ తరబడి ఉండిపోయింది. 2019 నవంబరులో వచ్చిన 5.4 వెర్షనులో దాన్ని 4,096 చేశారు. ఈ మధ్యకాలంలో ఎన్ని సర్వర్లు లోపల తీరుబడిగా ఉండి, గుమ్మంలో జనాన్ని పోగొట్టుకొన్నాయో!

మా మిత్రుడు చూసిన చక్రం అర్థం కూడా ఇక్కడే తెలిసింది. గుమ్మం నిండితే లినక్స్ మామూలుగా "చోటు లేదు" అని చెప్పదు, పిలుపును విననట్టే ఊరుకొంటుంది. మన యంత్రం ఒక సెకను ఆగి మళ్ళీ పిలుస్తుంది, తర్వాత రెండు, నాలుగు, ఎనిమిది సెకన్లు ఆగుతుంది. దీనికీ ఒక న్యాయం ఉంది. క్షణకాలపు రద్దీ అయితే రెండో పిలుపుకు చోటు దొరుకుతుంది, కాదంటే మనిషి వెళ్ళిపోతాడు. కాని రద్దీ రోజంతా ఉన్నప్పుడు ఆ మౌనం ముసలివాళ్ళను మూడు గంటలు కుర్చీలో కూర్చోబెడుతుంది. హద్దును 4,096కు పెంచినా, వెనకాల పనిచేసే ప్రోగ్రాము నెమ్మదిదైతే, విసిగి లేచిపోయినవాళ్ళ అర్జీలకే సర్వరు జవాబులు రాస్తూ కూర్చుంటుంది. అదే నా రెండో బీరువా.

కనుక ఈసారి మన సంఘం తరపున వినతిపత్రం ఇచ్చేటప్పుడు "పెద్ద సర్వరు కొనండి" అని మాత్రమే రాయవద్దని నా మనవి. మూడు ప్రశ్నలు అడుగుదాం. ఆఖరు తేదీన ఒకేసారి ఎంతమంది వస్తారో లెక్క వేశారా? గుమ్మంలో ఎందరు తిరస్కరింపబడుతున్నారో కెర్నెల్ లెక్క కడుతూనే ఉంటుంది, ఆ లెక్క ఎవరైనా తీసి చూస్తున్నారా? నిండిపోయినప్పుడు "ఇప్పుడు రద్దీగా ఉంది, ఫలానా వేళకు రండి" అని ఒక్క మాట చెప్పే ఏర్పాటు ఉందా? దానితోపాటు పెన్షను నెంబర్ల వరుసలో తేదీలు పంచమని కూడా కోరుదాం. అందుకు పైసా ఖర్చు లేదు.

మనమూ ఆఖరు తేదీదాకా ఆగకుండా ఉంటే మంచిది. మా మిత్రుడికి ఈ వ్యాసం చదివి వినిపించాను. అంతా విని ఆయన ఒక్క మాట అన్నారు: "లేదంటే లేదని చెప్పినా బాగుండేది, పొద్దున్నే ఇంటికి పోయేవాణ్ణి." ఈ ఏడు మొదటి వారంలోనే ఇద్దరం కలిసి వెళ్ళాలని నిశ్చయించుకొన్నాం. తోడు వచ్చేవారు ముందుగా చెప్పండి, ఆటో మాట్లాడతాను.